కొమ్మను పట్టిన పట్టు

భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ అడవుల్లో మద్దిచెట్టు కొమ్మకు దసలి పట్టుకాయ వేలాడుతూ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడాలి. కోడిగుడ్డు కన్నా కాస్త చిన్నది. బూడిదరంగుకీ పసుపుకీ మధ్య ఉంటుంది. వేళ్లతో నొక్కినా లొంగనంత గట్టిది. అన్నిటికన్నా విచిత్రం దాని కాడ. గూడు అల్లుకునే వేళ రాగానే పురుగు ముందుగా ఒకటి రెండు ఆకుల్ని దగ్గరికి లాక్కుంటుంది. తర్వాత తన నోటి దారంతోనే రెమ్మ చుట్టూ ఉంగరంలా ఒక చుట్టు వేస్తుంది. ఆ ఉంగరం నుంచి కిందికి గట్టి కాడ దించుతుంది. అది కుదిరాకే కాయ అల్లడం మొదలుపెడుతుంది. ఆకులు ఎండి రాలిపోయినా, ఈదురుగాలి కొట్టినా కాయ మాత్రం కొమ్మను విడవదు.

ముందు పట్టు, ఆ తర్వాతే పట్టు. ఈ రెండింటికీ మన భాషలో ఒకే మాట ఉండటం నాకు ఎప్పటికీ పాతబడని సంతోషం. ఆ మాట వెంటబడి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో తిరిగితే దొరికిన విశేషాలు ఇవి.

రెండు ఏర్లు కలిసిన చోటు

సి.పి. బ్రౌన్ 1852లో అచ్చువేయించిన నిఘంటువు తీసినా, బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో తెచ్చిన శబ్దరత్నాకరం తీసినా, 'పట్టు' దగ్గర వేలు పెట్టి నిదానంగా చదువుకోవాల్సిందే. అర్థాలు అన్ని ఉన్నాయి. కానీ పుట్టుకను బట్టి చూస్తే ఇవి రెండు వేరు వేరు మాటలు. పట్టుకోవడం అనే అర్థమున్న పట్టు ద్రావిడ భాషల సొంత సొమ్ము. నేసే పట్టును పండితులు సంస్కృతంలోని 'పట్ట'తో ముడివేస్తారు. ఆ పట్టకు బట్టపేలిక, తలకు చుట్టే పట్టీ, శాసనం చెక్కే రేకు, పట్టువస్త్రం అని చాలా అర్థాలు.

తమిళులు ఈ రెండింటినీ కలవనివ్వలేదు. వాళ్లకు చీర పట్టు 'పట్టు'గానే ఉంది, చేతి పట్టు 'పఱ్ఱు'గా ఉండిపోయింది. తెలుగులో ఆ 'ఱ్ఱు' మెల్లగా 'ట్టు'గా మారడంతో రెండూ ఒకే ధ్వనిలోకి వచ్చి చేరాయి. మహదేవపూర్ మండలంలోని కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. కలిసిన తర్వాత ఏ నీళ్లు ఏ నదివో ఎవరు చెప్పగలరు? ఇప్పుడు 'పట్టు' అన్నప్పుడు మన నోట్లో ఏ మాట పలుకుతోందో చెప్పడమూ అంతే.

ఆ కొంగు గట్టిగ వట్టు బిడ్డా

మా నాయనమ్మకు ఉన్నది ఒక్కటే పట్టుచీర. ఏడాదికి రెండుసార్లు దాన్ని నీడపట్టున ఆరేసి మళ్లీ మడతపెట్టేది. ఆ పనికి ఇద్దరు కావాలి. అవతలి కొస నా చేతికిచ్చి "ఆ కొంగు గట్టిగ వట్టు బిడ్డా, ఇడువకు. పట్టుచీర, నేల తాకొద్దు" అనేది. తనొక కొస, నేనొక కొస. బిర్రుగా లాగి, మధ్యకి తెచ్చి కలిపి, వంగి కిందికొస అందుకుని మళ్లీ కలిపి. చీర పొడుగు సగమవుతుంటే మేమిద్దరం దగ్గరయ్యేవాళ్లం. చివరి మడతకు ఆమె వేళ్లు నా వేళ్ల మీదుండేవి. నీడపట్టు, వట్టు, పట్టుచీర. ఒక్క పనిలో ఈ మాట మూడుసార్లు వచ్చిందని అప్పుడు నాకు తట్టలేదు.

'పట్టు' కాస్తా 'వట్టు' కావడం మా వైపు మాటతీరు. ముందు మాట అచ్చుతో ముగిస్తే వెనక మాటలోని పకారం మెత్తబడుతుంది. చెయ్యి వట్టుకో, చెర్ల చాపలు వట్టిండ్రు, ముసురు వట్టింది. అదే పట్టుచీరకు వచ్చేసరికి పకారం గట్టిగా నిలబడుతుంది. నోరు ఎక్కడ మెత్తబడాలో, ఎక్కడ బిగుసుకోవాలో ఎవరూ నేర్పకుండానే తెలుసుకుంది.

దసలి అనే పేరులో నాడె

మహదేవపూర్, గోదావరికి అవతల చెన్నూరు వైపు అడవుల్లో పెరిగేది దసలి పట్టు. దేశమంతా టస్సర్ అంటారు. ఆ పేరుకు మూలం సంస్కృతంలోని 'తసర'. తసర అంటే పడుగులోంచి అటూ ఇటూ పరుగెత్తుతూ పేకను తీసుకెళ్లే నాడె. రుగ్వేదంలోనే ఈ మాట ఉంది. దసలి కూడా తసర్‌కు మన నోళ్లలో నలిగిన రూపమే అనిపిస్తుంది. కాయ ఆకారం చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. రెండు కొసలా సన్నబడి, నడుమ ఉబ్బి, చిన్న నాడె లాగే ఉంటుంది.

ఈ పురుగు శాస్త్రీయ నామం ఆంథెరియా మైలిట్టా. మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల్లో ఒదిగి ఉండదు. నల్లమద్ది, ఏరుమద్ది చెట్ల మీదే, ఎండకూ వానకూ పెరగాలి. మల్బరీ పట్టుచిలుక వేల ఏళ్లు మనిషి చేతిలో పెరిగి ఎగరడమే మరిచిపోయింది. దసలి చిలుక ఇంకా అడవిదే. దాని వెడల్పాటి రెక్కల మీద అద్దం బిళ్లల్లాంటి మచ్చలు నాలుగుంటాయి.

పెంచేవాళ్ల కష్టం పగలూ రాత్రీ ఉంటుంది. పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు చీమలు, కందిరీగలు. కాస్త పెరిగితే కాకులు, ఇతర పిట్టలు, ఉడతలు. చెట్ల కిందే గుడిసె వేసుకుని, ఒడిసెల పట్టుకుని కాపలా ఉండాలి. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మల్ని నరికి ఇంకో చెట్టుకు మార్చాలి. ఈ పని చేసే గిరిజనుల్లో చాలా చోట్ల పెంపకం సాగినన్నాళ్లూ ఇల్లంతా నియమాలతో ఉండే ఆచారం కూడా ఉంది. పట్టు కట్టుకునేవాళ్లకు మడి ఉన్నట్టే, పెంచేవాళ్లకూ ఒక మడి ఉందన్నమాట. కట్టుకునేవాళ్ల మడి గురించి మనం ఎన్నోసార్లు విన్నాం. పెంచేవాళ్ల మడి గురించి వినలేదు, వినాలి.

ఇక్కడ కాయ, అక్కడ గూడు

మహదేవపూర్‌లో అడిగితే పట్టుకాయ అంటారు. చెట్టుకు వేలాడేది కాయే కదా. కోసేది, తట్టలకెత్తేది, లెక్కపెట్టి అమ్మేది అన్నీ కాయలే. అదే జనగామకు వస్తే పట్టుగూడు. అక్కడిది మల్బరీ పట్టు, పురుగు పెరిగేది రైతు వేసిన షెడ్డులో. జనగామలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. తెల్లటి, పచ్చటి గూళ్లు అక్కడికి బస్తాల్లో వస్తాయి. చూసే కళ్లను బట్టి ఒకే వస్తువు ఒకచోట కాయ అయింది, ఇంకోచోట గూడు అయింది. అడవి మనిషికి అది చెట్టు ఇచ్చిన పంట. షెడ్డులో పెంచిన రైతుకు అది పురుగు కట్టుకున్న ఇల్లు.

మల్బరీ రైతుల మాటల్లో నాకు బాగా నచ్చేది 'జ్వరం'. పట్టుపురుగు పెరుగుతూ నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ఆ సమయంలో మేత ముట్టదు, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్నే రైతులు జ్వరం అంటారు. "రెండో జ్వరం దాటిన పురుగులు తెచ్చుకున్నా" అంటే వాటి వయసు చెప్పినట్టే. ఒంట్లో బాగాలేని పిల్లవాడు అన్నం ముట్టకుండా పడుకోవడం చూసిన మనిషే ఆ పేరు పెట్టి ఉంటాడు. నాలుగు జ్వరాలూ దాటి, ముదిరిన పురుగును గూడు కట్టుకోవడానికి పెట్టే చంద్రికల మీద వదిలితే తలను ఎనిమిది అంకెలా తిప్పుతూ గూడు అల్లుతుంది. ఒక్క గూటి నుంచి వచ్చే దారం వెయ్యి మీటర్ల దాకా ఉంటుంది, మంచి రకాల్లో ఇంకా ఎక్కువ. అదంతా ఎక్కడా తెగని ఒక్కటే పోగు.

మల్బరీ, దసలి, ఓక్ తసర్, ఎరి, ముగా. వ్యాపారంలో ఉన్న ఈ ఐదు రకాల పట్టునూ పండించే దేశం ప్రపంచంలో మనదొక్కటే. ఒకప్పటి వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి 2016లో విడివడిన ఈ నేల మీద ఐదింటిలో రెండు ఉన్నాయి. భూపాలపల్లిలో అడవి పట్టు, జనగామలో షెడ్డు పట్టు.

పట్టు లేని పట్టుపురుగు

ఆరుద్ర కార్తెలో, తొలకరి పడిన మర్నాడు, దుక్కి చేసిన చేలో ఎర్రటి మఖమల్ ముక్క ఒకటి పాకుతూ కనబడుతుంది. దాన్ని ఆరుద్ర పురుగు అంటారు. కొన్ని ఊళ్లలో దాని పేరు పట్టుపురుగే. దానికి దారం లేదు, గూడు లేదు. ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి నిజానికి అది పురుగుల జాతి కూడా కాదు, సాలీడుకు దగ్గరి చుట్టం. వేలితో తాకితే పట్టులా ఉండటం ఒక్కటే దానికి ఆ పేరు తెచ్చింది. రైతుకు మాత్రం అది కనబడితే కాలం అవుతుందని ధైర్యం. ఇప్పుడు అది చాలా చేలల్లో కనబడటం తగ్గింది. చూడని పిల్లలకు దాని మెత్తదనం మాటల్లో చెప్పలేక ఎన్నిసార్లు ఇబ్బంది పడ్డానో!

బతుకమ్మలో కూడా ఒక పట్టు ఉంది. తంగేడు, గునుగు పేర్చాక, పైవరసలో ముదురు ఎరుపు పువ్వొకటి పెడతారు. కోడిజుట్టులా మడతలు మడతలుగా ఉంటుంది. సీతజడ అంటారు, పట్టుకుచ్చుల పువ్వు అనీ అంటారు. చీర కొంగుకు కట్టే కుచ్చులు పువ్వుకు పేరిచ్చాయి. కొనలేని పట్టును పెరట్లో పూయించుకున్నారు మన ఆడవాళ్లు.

పట్టా ఒకరిది, పట్టు ఒకరిది

సంస్కృత పట్ట వంశంలో పుట్టిన మాటలు ఎన్నో. రాజు నుదుటికి కట్టే పట్టీ వల్ల పట్టాభిషేకం, పట్టపురాణి, పట్టపుటేనుగు వచ్చాయి. గాయానికి కట్టే పట్టీ అదే కుటుంబం. పట్టిక కూడా అంతే. భూమికి రాసిచ్చే పట్టా ఆ ఇంటి పిల్లే, కాకపోతే ఉత్తరాది భాషల మీదుగా తిరిగి మన దగ్గరికి వచ్చింది. బట్టముక్క, పట్టుచీర, కిరీటం, భూమి కాగితం ఒక్క తల్లి బిడ్డలు.

ఈ పట్టా అన్న మాట ముందు జనగామ జిల్లాలో మనిషి ఆగకుండా ఉండలేడు. నిజాం కాలంలో పట్టాలు దొరల పేర్ల మీద, నాగళ్లు పేదవాళ్ల చేతుల్లో ఉండేవి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని సాగుచేసిన భూమి మీద విస్నూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. కోతకొచ్చిన పంటను ఎత్తుకుపోవడానికి మనుషులు దిగారు. దొరలను ఎదిరించిన సంఘం వాళ్లు అండగా నిలబడ్డారు, పంట ఐలమ్మ ఇంటికే చేరింది. అక్కడికి దగ్గర్లోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడి నుంచి రగులుకుంది. ఐలమ్మ 1985 దాకా బతికింది. పట్టాకు సంస్కృత వంశం ఉండొచ్చు. ఆమె పట్టు మాత్రం ఈ నేలదే, అచ్చంగా ఇక్కడి మాట.

ఒకే మండలం, ఇద్దరు కవులు

పాలకుర్తి మండలంలోనే బమ్మెర ఉంది. అది పోతన ఊరు. ఆయన భాగవతంలో తెలుగువాళ్లందరికీ నోటికొచ్చిన ఘట్టం గజేంద్రమోక్షం. అది మొదటినుంచి చివరిదాకా పట్టు కథే. మడుగులో మొసలి ఏనుగు కాలు పట్టింది. నీళ్లలో ఉన్నంతసేపూ మొసలిదే పట్టు, గట్టుమీదికి లాగితే ఏనుగుది. అందుకే ఇద్దరూ ఎవరికి పట్టున్న చోటికి వాళ్లు లాగారు. మనం మాటల్లో వాడే మొసలిపట్టు, ఉడుంపట్టు రెండూ అలా పుట్టినవే. ఉడుం గోళ్లు గోడకు పడితే ఊడిరావు.

పాలకుర్తిలో పుట్టిన పాల్కురికి సోమనాథుడు పోతన కన్నా సుమారు రెండువందల ఏళ్లు ముందువాడు. ఆయన తన కావ్యంలో ఒకచోట బట్టల పేర్లు వరుసగా చెప్పుకుపోతాడు. పదుల కొద్దీ రకాలు. వాటిలో చాలావాటిని ఇప్పుడు ఏ దుకాణంలోనూ చూడలేం, అవి ఎలా ఉండేవో చెప్పగలిగినవాళ్లూ లేరు. బట్టలు చినిగిపోయాయి, పేర్లు మిగిలాయి. కావ్యాన్ని కావ్యంగా చదివేవాళ్లు ఆ జాబితాను దాటేస్తుంటారు. నేత తెలిసినవాళ్లు అక్కడే ఆగిపోతారు. నేను రెండో గుంపులో ఉంటాను.

బసవపురాణంలో ఆయనే జేడర దాసయ్య కథ చెప్పాడు. జేడర అంటే నేతగాడు. దాసయ్య ఎంతో శ్రద్ధగా నేసిన వస్త్రాన్ని జంగమ రూపంలో వచ్చిన శివుడు అడిగి తీసుకుని ముక్కలుగా చింపేస్తాడు. దాసయ్యకు కోపం రాదు. నేసినవాడికి తన బట్ట చిరుగు ఎంత నొప్పో తెలిసినవాళ్లకే ఆ కథలోని పరీక్ష ఎంత కఠినమో తెలుస్తుంది.

సాలె ఇంటి సాలీడు

మార్కో పోలో 13వ శతాబ్దం చివర్లో కాకతీయ రాజ్యం గురించి రాస్తూ, ఒక రాణి ఏలుతున్న ఆ దేశపు సన్నబట్టను సాలెగూడుతో పోల్చాడు. ఆ రాణి రుద్రమదేవి. అది నూలుబట్ట. కానీ పోలిక మన భాషకు ఎంత సహజమో ఆయనకు తెలిసి ఉండదు. మనకు సాలె అంటే నేతగాడు, సాలీడు అంటే గూడల్లే పురుగు. పోలిక ఆయన చేయకముందే భాషలో ఉంది.

భుజం పట్టేసిన చోట

జనగామ పొలిమేర దాటి హైదరాబాద్ వైపు వెళ్తే ఆలేరు. అక్కడికి దగ్గర్లోని శారాజిపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేది. పోచంపల్లి తరహా పట్టుచీరకు రంగులద్దే ముందు పోగును మేకుల మధ్య అటూ ఇటూ తిప్పుతూ పరచాలి. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆ కొస నుంచి ఈ కొసకు పోయి రావాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. సాయంత్రానికి భుజం పట్టేసేది.

'పట్టేసింది' అన్న మాట చూడండి. పట్టు పోగును పట్టీ పట్టీ చెయ్యి పట్టేసింది. ఇక్కడ పట్టింది మనిషి కాదు, నొప్పి మనిషిని పట్టింది. ఆ తల్లి బాధ చూడలేక మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకన్నా పెద్దమాట, ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల భుజాలు తేలికపడ్డాయి.

దసలి దారం తీయడంలోనూ ఇలాంటి నొప్పి ఒకటి ఉంది. ఉడికించిన కాయల నుంచి పోగులు లాగి, వాటిని తొడ మీద అరచేత్తో రుద్ది పురిపెట్టడం దేశంలో చాలా చోట్ల పాత పద్ధతి. చేసేది అంతా ఆడవాళ్లే. తొడ మీద చర్మం కమిలిపోతుంది, పుండ్లు పడతాయి. దాన్ని మాన్పించడానికి కేంద్ర పట్టు మండలి 'బునియాద్' పేరుతో చిన్న యంత్రం తెచ్చింది. దసలి చీర మెరుపు తక్కువ, హుందాతనం ఎక్కువ అని మెచ్చుకునేటప్పుడు ఆ తొడల మీది మచ్చలు గుర్తుండాలి.

మానుకోటలో పట్టిన మాటలు

మహబూబాబాద్‌ను ఇప్పటికీ పెద్దవాళ్లు మానుకోట అనే అంటారు. అక్కడి సంతలో ఒక్క పూట చెవులు అప్పగించి కూర్చుంటే చాలు, 'పట్టు' ఎన్ని పనులు చేస్తుందో తెలుస్తుంది. గిర్నీలో జొన్నలు పట్టించుకొస్తారు. ఆటో దొరికేసరికి గంట పడుతుంది. మిర్చి కల్లంలో కూలీకి ఘాటుకు దగ్గు పడుతుంది. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే తల్లి పాలు పడుతుంది. ముసలాయనకు నిద్ర పట్టదు. కొడుకు పట్టించుకోడు. కూతురు ఇంటిపట్టున ఉండి చూసుకుంటుంది. బేరానికి పట్టుమని పదిమంది రాలేదని కూరగాయలామె దిగులుపడుతుంది.

ఆ జిల్లాలోనే బయ్యారం ఉంది. ఇనుప రాయికి పేరున్న ఊరు. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువూ, ఆమె వేయించిన శాసనమూ అక్కడే. ఇనుముకు తుప్పు పడుతుంది అంటాం. భాష ఇక్కడ రసాయనశాస్త్రానికి చాలా దగ్గరగా వెళ్లింది. గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఇనుమును నిజంగానే పట్టుకుంటాయి. ఆ పట్టులో ఏర్పడేదే తుప్పు. బయ్యారం గుట్టల్లోని ఎర్రరాయీ, పాత కొడవలి మీది తుప్పూ రెండూ ఇనుము ఆక్సైడులే.

ఇంకా కొన్ని గబగబా. తేనెటీగలు కొమ్మను పట్టుకుని కట్టేది తేనెపట్టు. తలనొప్పికి నుదుటి మీద వేసే శొంఠిపట్టు. కుస్తీలో వేసే పట్టు. ప్రాణం నిలిచే చోటు ఆయువుపట్టు. చేతికి పట్టినంత అన్నం పట్టెడన్నం. పడిపోకుండా పట్టుకోవడానికి దొరికేది పట్టుకొమ్మ. ముద్దుల బిడ్డ పట్టి. వేమనకు కూడా ఈ మాట మీద మక్కువే. అడుగడుగునా దీన్నే తిప్పుతూ ఆయన చెప్పిన పద్యం తెలుగు పిల్లలందరూ బడిలో అప్పజెప్పినదే.

పట్టవాయలు

మధ్యప్రదేశ్‌లోని మందసోర్‌లో క్రీ.శ. 473 నాటి శాసనం ఒకటి ఉంది. గుజరాత్‌లోని లాట దేశం నుంచి వలస వచ్చిన పట్టునేతగాళ్ల శ్రేణి ఒకటి అక్కడ స్థిరపడి, 436 ప్రాంతంలో సూర్యుడికి గుడి కట్టించింది. అది పాడైతే మళ్లీ బాగుచేయించిన సందర్భంగా వేయించిన శాసనం అది. రచించిన కవి వత్సభట్టి. పట్టునేతగాళ్లకు అందులో వాడిన మాట పట్టవాయ. కొందరు వలస వచ్చాక వేరే వృత్తుల్లోకి వెళ్లిన సంగతి కూడా శాసనంలో ఉంది.

పదిహేను వందల ఏళ్లకు ముందే గుజరాత్ నుంచి నేతగాళ్లు బయటికి నడిచారు. మన కాలంలో జనగామ జిల్లా కొడకండ్ల లాంటి ఊళ్ల నేతగాళ్లు బతుకుదెరువుకు అదే గుజరాత్‌లోని సూరత్‌కు, ఇటు భివండీకి, షోలాపూర్‌కు రైలెక్కారు. ఇంటి ముందు గుంటమగ్గం గుంత పూడిపోయింది, మనిషి అక్కడ పవర్‌లూమ్ చప్పుడులో నిలబడ్డాడు. ఏ ఊరికి పోయినా పడుగు పడుగే, పేక పేకే. కానీ పండుగకు వచ్చి వెళ్లేటప్పుడు ముసలి తల్లి చెయ్యి వదలకుండా పట్టుకోవడం చూసినవాళ్లకు ఆ లెక్క సరిపోదు.

విడిచిన పట్టు

పట్టు అనగానే విడుపు గుర్తొస్తుంది. పట్టు విషయంలో ఆ విడుపు పురుగుకు దొరకదు. చిలుకై బయటికొస్తే గూడు తెగుతుంది, దారం ముక్కలవుతుంది. అందుకే లోపలి ప్రాణితో సహా ఉడికిస్తారు. అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ భార్య జానకి, పురుగును చంపకుండా పట్టుచీర రాదా అని అడిగిన మాట హైదరాబాద్‌లో చేనేత సంస్థ ఉద్యోగి కుసుమ రాజయ్య మనసులో నాటుకుంది. చిలుకలు ఎగిరిపోయాక మిగిలిన గూళ్లను వడికి ఆయన నేయించిన బట్టే అహింసా పట్టు. 2006లో దానికి పేటెంట్ వచ్చింది. ముక్కల దారం కాబట్టి మెరుపు తగ్గుతుంది, నూలుబట్టలా మెత్తగా ఉంటుంది.

దసలి చిలుక బయటికొచ్చే తీరు ఇంకా బాగుంటుంది. అంత గట్టి కాయను అది కొరకదు. కాడ ఉన్న కొస దగ్గర నోటి నుంచి ఒక ద్రవం వదిలి, జిగురును కరిగించి, పోగుల్ని పక్కకి జరుపుకుంటూ వస్తుంది. తాను కొమ్మను పట్టుకున్న వైపు నుంచే బయటపడుతుంది. రెక్కలు ఆరేదాకా ఆ ఖాళీ కాయనే పట్టుకుని వేలాడుతుంది.

కాయలు కోసేవాళ్లు ఉంగరాన్ని రెమ్మ నుంచి లాగరు, అది రాదు. రెమ్మతో సహా తుంచుతారు. ఉడికించే ముందు కాడల్ని విడిగా తీసి ఒక మూల కుప్పపోస్తారు. టస్సర్ పని జరిగే ఊళ్లలో ఆ కుప్పనూ పారేయరు. దాన్ని నానబెట్టి, ఉడకబెట్టి, చిక్కు తీసి వడికితే గోధుమరంగు మొరటు నూలు వస్తుంది. కొమ్మను పట్టిన ఆ ఉంగరం కూడా అలా మగ్గం ఎక్కుతుంది.